ఎక్మోపై ఉన్న రోగికి రక్తం: ఎప్పుడు, ఎంత, ఎందుకు?

గుండె లేదా ఊపిరితిత్తులు, కొన్ని సందర్భాల్లో రెండూ పనిచేయలేని స్థితికి చేరిన రోగిని కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాల పాటు యంత్రం ఆధారంగా నిలిపి ఉంచే చికిత్స ఎక్మో. ఈ చికిత్సలో ఉన్నవారికి రక్తం ఎక్కించవలసి రావడం సర్వసాధారణం. దాతలను సమకూర్చుకోవాలన్న సూచన ఐసీయూ బయట వేచి ఉండే బంధువులకు తరచూ వినిపిస్తుంది. అయితే ఎంత ఎక్కువ రక్తం ఎక్కిస్తే రోగికి అంత మేలన్న అభిప్రాయాన్ని గత పాతికేళ్ల పరిశోధనలు బలపరచలేదు. హిమోగ్లోబిన్ అంకెను పెంచడం కాక, అవయవాలకు చాలినంత ప్రాణవాయువు అందేలా చూడటమే లక్ష్యమన్న అవగాహన వైద్యరంగంలో క్రమంగా స్థిరపడింది.

తెలుగు ప్రజల్లో చాలామందికి ఎక్మో అన్న మాట 2020లో పరిచయమైంది. కోవిడ్‌తో చెన్నైలోని ఆసుపత్రిలో చేరిన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎక్మో సహాయంతో వారాల పాటు చికిత్స పొంది, ఆ ఏడాది సెప్టెంబరు 25న కన్నుమూశారు. అంతకు ముందు 2016 డిసెంబరులో నాటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలితకు చివరి గంటల్లో ఇదే చికిత్స అందించారు. ఈ యంత్రం వ్యాధిని నయం చేయదు. గుండె, ఊపిరితిత్తులు కోలుకోవడానికి, లేదా అవయవ మార్పిడి జరిగే వరకు వేచి ఉండటానికి వ్యవధి మాత్రమే కల్పిస్తుంది.

యంత్రం పనిచేసే తీరు

తొడ లేదా మెడ వద్ద ఉన్న పెద్ద సిరలోకి గొట్టాన్ని పంపి రక్తాన్ని శరీరం వెలుపలికి తీసుకుంటారు. పెద్దవారిలో ఈ గొట్టం వ్యాసం సాధారణంగా 7 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. పంపు ఆ రక్తాన్ని ఆక్సిజనేటర్ అనే కృత్రిమ ఊపిరితిత్తిలోకి నెడుతుంది. అక్కడ సన్నని పొరల మీదుగా ప్రాణవాయువు రక్తంలో చేరి, కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతుంది. ఆ తరువాత రక్తాన్ని శరీర ఉష్ణోగ్రతకు తెచ్చి తిరిగి లోపలికి పంపుతారు. పెద్దవారిలో నిమిషానికి సుమారు 4 నుంచి 5 లీటర్ల రక్తం ఈ మార్గంలో తిరుగుతుంది.

శుద్ధి చేసిన రక్తాన్ని మళ్లీ సిరలోకే పంపితే ఊపిరితిత్తులకు మాత్రమే సాయం అందుతుంది. ధమనిలోకి పంపితే గుండె పనిని కూడా యంత్రం పంచుకుంటుంది. రక్తం ఎంత అవసరమన్న ప్రశ్నకు ఈ రెండు పద్ధతుల్లో సమాధానం ఒకేలా ఉండకపోవచ్చు.

శస్త్రచికిత్స గదిలో వాడే గుండె-ఊపిరితిత్తుల యంత్రం దీనికి మూలం. జాన్ గిబ్బన్ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో అటువంటి యంత్రంతో తొలిసారి విజయవంతంగా గుండె శస్త్రచికిత్స నిర్వహించారు. అది కొన్ని గంటల అవసరానికి ఉద్దేశించినది. రోజుల తరబడి సాయం అందించవచ్చని 1971లో డోనాల్డ్ హిల్ బృందం అమెరికాలో తీవ్రంగా గాయపడిన ఓ యువకుడి విషయంలో చూపింది. 1975లో రాబర్ట్ బార్ట్‌లెట్ ఈ చికిత్సతో నవజాత శిశువును కాపాడారు. ఎక్మో కేంద్రాల అనుభవాన్ని ఒకచోట నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఎల్సో 1989లో ఏర్పడింది.

రక్తం ఎందుకు తగ్గిపోతుంది?

ఎక్మో మొదలైన తొలి నిమిషాల్లోనే హిమోగ్లోబిన్ కొంత పడిపోతుంది. గొట్టాలను, ఆక్సిజనేటర్‌ను ముందుగా అర లీటరు లేదా అంతకు మించిన ద్రావణంతో నింపుతారు. అది రోగి రక్తంలో కలిసి పలుచన చేస్తుంది.

రెండో కారణం రక్తస్రావం. ప్లాస్టిక్ గొట్టాలలో ప్రవహించే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వంటి మందులు ఇస్తారు. దీనివల్ల గొట్టాలు అమర్చిన చోట, ముక్కులో, జీర్ణాశయంలో, ఊపిరితిత్తుల్లో రక్తం కారే ప్రమాదం ఉంది. వీటిలో వైద్యులు ఎక్కువగా భయపడేది మెదడులో రక్తస్రావానికి.

మూడోది రక్తం గడ్డకట్టే సామర్థ్యమే దెబ్బతినడం. గాయమైన చోట ప్లేట్‌లెట్లను అతికించే వాన్ విల్లెబ్రాండ్ కారకం పొడవైన గొలుసు రూపంలో ఉంటుంది. పంపు వేగానికి ఆ గొలుసులు తెగిపోతాయి. ప్లేట్‌లెట్లు ఆక్సిజనేటర్ పొరలకు అంటుకుని తగ్గిపోతాయి. అందువల్ల హెపారిన్ ఆపినా కొందరిలో రక్తస్రావం వెంటనే ఆగదు.

నాలుగోది ఎర్ర రక్తకణాలు చితికిపోవడం. పంపులో గడ్డ ఏర్పడినా, సిర నుంచి రక్తాన్ని మరీ బలంగా లాగినా కణాలు పగిలి హిమోగ్లోబిన్ ప్లాస్మాలోకి విడుదలవుతుంది. అది మూత్రపిండాలకు హాని చేస్తుంది. మూత్రం రంగు ముదరడం దీనికి ఒక సంకేతం.

పరీక్షల కోసం తీసే రక్తం కూడా తక్కువేమీ కాదు. పశ్చిమ యూరప్‌లోని 146 ఐసీయూలపై 2002లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఒక్కో రోగి నుంచి రోజుకు సగటున 41 మిల్లీలీటర్ల రక్తం పరీక్షలకు పోయింది. ఆ లెక్కన 12 రోజుల్లో దాదాపు అర లీటరు, అంటే ఒక దాత ఇచ్చే రక్తం కంటే ఎక్కువ ఖర్చవుతుంది. గంటల వ్యవధిలో గడ్డకట్టే పరీక్షలు చేయవలసిన ఎక్మో రోగుల్లో ఈ నష్టం పెరుగుతుంది. మరోవైపు తీవ్ర అనారోగ్యం వల్ల ఎముక మజ్జ కొత్త కణాలను తయారుచేసే వేగం మందగిస్తుంది.

ప్రాణవాయువు లెక్క

రక్తం ఎక్కించాలా వద్దా అన్న నిర్ణయానికి మూలం ఒక సాదా లెక్క. 1 గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. డెసిలీటరుకు 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న వ్యక్తిలో ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువును తీసుకెళ్తుంది. నిమిషానికి 5 లీటర్ల రక్తం తిరిగితే అవయవాలకు అందేది సుమారు 1,000 మిల్లీలీటర్లు. విశ్రాంతిగా ఉన్న శరీరం వాడుకునేది అందులో 250 మిల్లీలీటర్లు మాత్రమే. మిగిలినది నిల్వ బలం.

అదే వ్యక్తిలో హిమోగ్లోబిన్ 7కు పడిపోయి, రక్త ప్రవాహం మారకపోతే సరఫరా 470 మిల్లీలీటర్లకు తగ్గుతుంది. సరఫరా వాడకానికి రెండు రెట్ల దరిదాపులకు వచ్చినప్పుడు కణాలకు ప్రాణవాయువు చాలక రక్తంలో లాక్టేట్ పెరగడం మొదలవుతుంది. ఈ తర్కం ఆధారంగానే గతంలో అనేక ఎక్మో కేంద్రాలు ఎర్రకణాల వాటాను 40 శాతం వద్ద, అంటే ఆరోగ్యవంతుల స్థాయిలో ఉంచేవి. అందుకు ఎన్నో యూనిట్ల రక్తం అవసరమయ్యేది.

కానీ లెక్కలో హిమోగ్లోబిన్ ఒక్కటే అంశం కాదు. పంపు వేగం పెంచి రక్త ప్రవాహాన్ని పెంచవచ్చు. వాడకాన్నీ తగ్గించవచ్చు. జ్వరం 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే ప్రాణవాయువు వాడకం సుమారు 10 శాతం పెరుగుతుంది. జ్వరాన్ని అదుపు చేయడం, మత్తుమందులతో రోగికి విశ్రాంతి కల్పించడం, వణుకును ఆపడం కూడా రక్తం ఎక్కించినంత ఫలితాన్ని ఇచ్చే సందర్భాలు ఉంటాయి. లాక్టేట్ సాధారణంగా ఉండి, సిరల రక్తంలో ప్రాణవాయువు తగినంత మిగిలి ఉంటే, హిమోగ్లోబిన్ తక్కువగా కనిపించినా అవయవాలకు లోటు లేదని అర్థం.

హద్దు ఎక్కడ?

హిమోగ్లోబిన్ 10 గ్రాముల కంటే తగ్గితే రక్తం ఎక్కించాలన్నది దశాబ్దాల పాటు సాగిన ఆనవాయితీ. దానిని ప్రశ్నించినది కెనడాలో జరిగి 1999లో వెలువడిన ట్రిక్ అధ్యయనం. ఐసీయూలలోని 838 మందిని రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి 7 గ్రాముల కంటే, మరో బృందానికి 10 గ్రాముల కంటే తగ్గినప్పుడు రక్తం ఎక్కించారు. 30 రోజుల్లో మరణించినవారు పొదుపు బృందంలో 18.7 శాతం, రెండో బృందంలో 23.3 శాతం. ఈ తేడా గణాంకపరంగా నిర్ధారణ కాకపోయినా, తక్కువ రక్తంతో నష్టం లేదన్నది స్పష్టమైంది.

ఆ తరువాత 2014లో ఉత్తర యూరప్ దేశాల ట్రిస్ అధ్యయనం, రక్తంలో ఇన్ఫెక్షన్‌తో షాక్‌లోకి వెళ్లిన రోగుల్లో 7, 9 గ్రాముల హద్దులను పోల్చి మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. 2017లో ట్రిక్స్-3 అధ్యయనం 5,000 మందికి పైగా గుండె శస్త్రచికిత్స రోగుల్లో 7.5 గ్రాముల హద్దు సరిపోతుందని చూపింది.

అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పలేదు. గుండెపోటుకు గురై రక్తహీనత ఉన్న 3,504 మందిపై జరిగిన మింట్ అధ్యయనం 2023లో వెలువడింది. 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు పొదుపు బృందంలో 16.9 శాతం, ఉదార బృందంలో 14.5 శాతం. ఇక్కడా తేడా గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. అయినా దెబ్బతిన్న గుండెకు 7 గ్రాముల హద్దు చాలదేమోనన్న జాగ్రత్తను ఈ ఫలితం పెంచింది. గుండెపోటు తరువాత ధమని మార్గంలో ఎక్మోపై ఉంచిన రోగుల విషయంలో వైద్యులు హద్దును కొంత ఎగువన ఉంచడానికి ఇది ఒక కారణం.

పై అధ్యయనాలు నేరుగా ఎక్మో రోగుల కోసం ఉద్దేశించినవి కావు. ఊపిరితిత్తుల కోసం ఎక్మోపై ఉన్న 604 మందిని పలు దేశాల్లో పరిశీలించిన ప్రొటెక్మో అధ్యయనం 2023లో ప్రచురితమైంది. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తక్కువ ఉన్నప్పుడు రక్తం ఎక్కించిన రోగుల్లో మరణాల ముప్పు తక్కువగా కనిపించింది. అంతకు మించిన స్థాయిల్లో ఎక్కించినప్పుడు అటువంటి ప్రయోజనం కనిపించలేదు. రోగులను యాదృచ్ఛికంగా విభజించని పరిశీలన కనుక దీనిని తుది తీర్పుగా భావించలేం. అయితే 7 నుంచి 8 గ్రాముల మధ్య హద్దు పాటిస్తున్న కేంద్రాల ధోరణికి ఇది బలం చేకూర్చింది.

ఈ హద్దులన్నీ రక్తస్రావం అదుపులో ఉన్న రోగులకే వర్తిస్తాయి. రక్తం ధారగా పోతున్నప్పుడు పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడటం ప్రాణాపాయం.

ఎక్కించిన రక్తంతో ముప్పు

దాత రక్తం మందు వంటిది. దానికి మోతాదు ఉంది, దుష్ఫలితాలూ ఉన్నాయి. పెద్దవారిలో 1 యూనిట్ ఎర్రకణాలు హిమోగ్లోబిన్‌ను సుమారు 1 గ్రాము పెంచుతాయి. అందువల్ల ఒక యూనిట్ ఎక్కించి, మళ్లీ పరీక్షించి, అవసరమైతేనే రెండోది ఇవ్వాలన్నది ప్రస్తుత పద్ధతి.

వేగంగా ఎక్కించిన రక్తం ప్రవాహ భారాన్ని పెంచి ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేయవచ్చు. దాత ప్లాస్మాలోని ప్రతిరక్షకాల వల్ల 6 గంటల్లోపు ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే అరుదైన ప్రమాదమూ ఉంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు అప్పటికే తెల్లబారి ఉన్న ఎక్మో రోగిలో ఈ కొత్త హానిని గుర్తించడం కష్టం. రక్తం నిల్వకు వాడే సిట్రేట్ రోగిలో కాల్షియంను తగ్గిస్తుంది. నిల్వ రక్తంలో పెరిగే పొటాషియం శిశువుల గుండె లయను దెబ్బతీయగలదు.

గుండె లేదా ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూస్తున్న రోగికి మరో చిక్కు ఉంది. ఎక్కించిన ప్రతి యూనిట్‌తో పరాయి కణాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారయ్యే అవకాశం పెరుగుతుంది. అవి పెరిగితే సరిపోలే అవయవం దొరకడం కష్టమవుతుంది. తెల్లకణాలను వడగట్టిన రక్తం ఈ ముప్పును తగ్గిస్తుంది.

తాజా రక్తమే కావాలని బంధువులు పట్టుబట్టడం తరచూ కనిపిస్తుంది. ఎర్రకణాలను సంరక్షక ద్రావణంలో 42 రోజుల వరకు నిల్వ ఉంచవచ్చు. 2015లో వెలువడిన ఏబుల్, 2017లో వెలువడిన ట్రాన్స్‌ఫ్యూజ్ అధ్యయనాలు ఐసీయూ రోగుల్లో తాజా రక్తానికి, గడువులోపు నిల్వ ఉన్న రక్తానికి మరణాల విషయంలో తేడా చూపలేదు.

ప్లేట్‌లెట్లు, ప్లాస్మా

ఎర్రకణాలు ప్రాణవాయువు కోసం, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా రక్తం గడ్డకట్టడం కోసం. రక్తస్రావం లేని ఎక్మో రోగిలో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 50,000 కంటే తగ్గే వరకు ఆగడం అనేక కేంద్రాల పద్ధతి. రక్తస్రావం ఉంటే హద్దును పెంచుతారు. ప్లేట్‌లెట్లను 20 నుంచి 24 డిగ్రీల వద్ద నిరంతరం కదిలిస్తూ సాధారణంగా 5 రోజులు మాత్రమే నిల్వ ఉంచగలరు. అందుకే కొరత ముందుగా వీటిలోనే ఎదురవుతుంది. కేవలం పరీక్షలో అంకెను సరిచేయడానికి ప్లాస్మా ఎక్కించడం మేలు చేయదని, శరీరంలో నీటి భారాన్ని పెంచుతుందని నిపుణులు భావిస్తున్నారు.

శిశువుల విషయంలో

నవజాత శిశువులకు లెక్క పూర్తిగా మారుతుంది. 3 కిలోల బిడ్డ శరీరంలో మొత్తం రక్తం దాదాపు 250 మిల్లీలీటర్లు. యంత్రం గొట్టాలలో పట్టే పరిమాణం ఒక్కోసారి దానితో సమానంగా, లేదా ఎక్కువగా ఉంటుంది. ద్రావణంతో నింపితే బిడ్డ రక్తం సగానికి పలుచబడుతుంది. అందుకే గొట్టాలను ముందుగా దాత రక్తంతో నింపుతారు. ఈ బిడ్డలకు రక్తం ఎక్కించకుండా ఎక్మో మొదలుపెట్టడం దాదాపు అసాధ్యం. పరీక్షల కోసం తీసే ప్రతి మిల్లీలీటరుకూ ఇక్కడ విలువ ఎక్కువ.

బొట్టు బొట్టును కాపాడే పద్ధతులు

ఎక్కించే రక్తాన్ని తగ్గించడానికి మొదటి మార్గం పోయే రక్తాన్ని ఆపడం. అవసరం లేని పరీక్షలను మానుకోవడం, చిన్న పరిమాణపు గొట్టాల్లో నమూనాలు తీయడం, గొట్టంలో మిగిలిన రక్తాన్ని పారేయకుండా తిరిగి రోగికే పంపడం ఇందులో భాగం. కెనడాలోని 25 ఐసీయూలలో జరిగి 2023లో వెలువడిన స్ట్రాటస్ అధ్యయనంలో, చిన్న గొట్టాలు వాడినా పరీక్షలకు ఆటంకం కలగలేదు. ప్రధాన విశ్లేషణలో రక్తం వాడకం తగ్గుదల నిర్ధారణ కాలేదు. కోవిడ్ తొలి నెలల రోగులను కూడా కలిపిన విశ్లేషణలో మాత్రం తగ్గుదల కనిపించింది.

హెపారిన్ మోతాదును రోగికి తగినట్లు తగ్గించడం, రక్తస్రావం తీవ్రమైతే కొంతకాలం పూర్తిగా ఆపడం మరో మార్గం. ఎక్మో తొలగించేటప్పుడు యంత్రంలో ఉన్న రక్తాన్ని తిరిగి శరీరంలోకి పంపే పద్ధతిని న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యులు పొదుపు విధానంలో భాగంగా అనుసరించారు. గడ్డలు, ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నచోట ఇది తగదు.

భారత్‌లో రక్తం ఎక్కడి నుంచి?

సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఫలితంగా దేశంలో డబ్బుకు రక్తం అమ్మే దాతల వ్యవస్థపై 1998 జనవరి 1 నుంచి నిషేధం అమలైంది. స్వచ్ఛంద దానమే ఆధారం కావాలన్నది 2002 నాటి జాతీయ రక్త విధానం లక్ష్యం. రక్తానికి ధర ఉండదు, పరీక్షలు, నిల్వ, విభజనకు అయ్యే రుసుము మాత్రమే వసూలు చేయాలి. హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు ప్రతి యూనిట్‌కూ తప్పనిసరి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవారు దానానికి అర్హులు. పురుషులు 90 రోజులకు, మహిళలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. ఏ కేంద్రంలో ఏ గ్రూపు నిల్వ ఉందో కేంద్ర ప్రభుత్వ ఈ-రక్తకోశ్ పోర్టల్‌లో చూడవచ్చు. రక్తం ఎక్కించిన తరువాత తలెత్తే దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2012 డిసెంబరు 10న మొదలైంది.

సొంత రక్తసంబంధికుల రక్తమే సురక్షితమన్న నమ్మకం మన సమాజంలో బలంగా ఉంది. వైద్యం దీనిని సమర్థించదు. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలను రోగి శరీరం పరాయివిగా గుర్తించకపోవచ్చు. అప్పుడు అవి రోగి కణాలపైనే దాడి చేస్తాయి. అరుదైనా ఈ స్థితి దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. అందువల్ల దగ్గరి బంధువుల రక్తాన్ని వాడవలసి వస్తే ముందుగా రేడియేషన్‌తో శుద్ధి చేయాలి. బంధువులు దానం చేసి నిల్వలను భర్తీ చేయడం, రోగికి మాత్రం సరిపోలిన వేరొకరి రక్తం వాడటం మేలైన మార్గం.

మన దేశంలోనే తొలిసారి 1952లో నమోదైన బాంబే గ్రూపు రోగులకు ఓ గ్రూపు రక్తం కూడా సరిపడదు. భారత్‌లో సుమారు 10,000 మందిలో ఒకరికి ఈ గ్రూపు ఉంటుందని అంచనా. అటువంటి రోగిని ఎక్మోపై ఉంచే ముందే దాతల జాబితాను సిద్ధం చేసుకోవాలి.

కుటుంబం అడగదగిన ప్రశ్నలు

రక్తం ఎక్కించడానికి సమ్మతి పత్రంపై సంతకం చేసేవారు అధికంగా బంధువులే. నేటి హిమోగ్లోబిన్ ఎంత, ఈ రోగికి నిర్ణయించిన హద్దు ఎంత, లాక్టేట్ స్థాయి ఎలా ఉంది, రక్తం ఎక్కడి నుంచి పోతోంది, ఇప్పుడు కోరుతున్నది ఎర్రకణాలా, ప్లేట్‌లెట్లా, ప్లాస్మానా అన్న ప్రశ్నలకు వైద్య బృందం నుంచి సమాధానం పొందే హక్కు వారికి ఉంది. అవయవ మార్పిడి ఆలోచన ఉంటే తెల్లకణాలు వడగట్టిన రక్తం గురించి అడగాలి. రోజూ రక్తం అవసరమవుతుంటే, ఆ నష్టానికి మూలాన్ని వెతికే ప్రయత్నం ఏ దశలో ఉందో తెలుసుకోవాలి.

రక్తం ఎక్కించడం ఎక్మో రోగి బలహీనపడుతున్నాడనడానికి సంకేతం కాదు. ఎక్కించకపోవడం నిర్లక్ష్యమూ కాదు. హిమోగ్లోబిన్ 7 గ్రాముల దిగువకు జారిన రోగికి సకాలంలో అందిన ఒక్క యూనిట్ ప్రాణం నిలపగలదు. అవసరం లేకుండా ఎక్కించిన యూనిట్ ఆ రోగికి ముప్పు తెస్తుంది, అదే రోజు మరో మంచంపై రక్తస్రావంతో ఉన్న వ్యక్తికి అందవలసిన రక్తాన్ని దూరం చేస్తుంది.